ఫోన్ మాట్లాడుతూ గుద్దినాయన 2 లక్షలకు రాజీ అంటున్నాడు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయనకు 36 ఏళ్లు, టైల్స్ మేస్త్రీ. నెలకు 18 వేల దాకా వచ్చేది. మూడు నెలల కిందట రాప్తాడు దగ్గర హైవే మీద బైకులో వస్తుంటే, సెల్‌ఫోన్ మాట్లాడుతూ కారు నడుపుతున్న ఒకాయన వెనక నుంచి గుద్దాడు. కుడికాలు మోకాలి కింద విరిగితే రాడ్ వేశారు. 2.60 లక్షలు అయింది. నా నగలు కుదువ పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాం. ఇక గొంతుకూర్చుని పని చేయడం కష్టమని డాక్టరు అంటున్నారు. ఇప్పుడు కారాయన పెద్దమనుషుల్ని పంపి, 2 లక్షలు ఇస్తాను, ఇక ఏ కేసూ వద్దని కాగితం రాసివ్వమంటున్నాడు. ఒక లాయరేమో వచ్చిన దాంట్లో మూడో వంతు అడుగుతున్నాడు. అప్పు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద మీ ఆయన్ని సంతకం పెట్టనివ్వకండి. నెలకు 6,000 వడ్డీ కడుతున్న ఇంట్లో 2 లక్షలు ఎంత పెద్దగా కనిపిస్తాయో నాకు తెలుసు. కానీ మీకు రావాల్సిన దాని ముందు అవి ఏ మూలకూ రావు.

మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ ఎలా లెక్క కడుతుందో చూడండి. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి ఒక గుణకం ఖరారు చేసింది. 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు అది 15. సొంతంగా పని చేసుకునే వాళ్లు 40 ఏళ్ల లోపైతే, ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో చెప్పింది. మీ ఆయన ఏడాది సంపాదన 2,16,000. 40 శాతం కలిపితే 3,02,400. 15తో గుణిస్తే 45,36,000. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని తేలితే అందులో 9,07,200 వస్తుంది. ఆసుపత్రి బిల్లులు, ఇంట్లో కూర్చున్న నెలల కూలి, పడ్డ బాధకు ఇచ్చేది దీనికి అదనం. మామూలుగా వీటికి వడ్డీ కూడా కలుపుతారు.

20 శాతం అని నేను ఉదాహరణకే అన్నాను. మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్యం సర్టిఫికెట్ దీనికి ఆధారం. అయితే కాలికి ఎంత శాతం అని రాశారన్నది ఒక్కటే చూడరు. ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కుర్చీలో కూర్చుని పని చేసే గుమస్తాకూ, రోజంతా నేల మీద గొంతుకూర్చునే టైల్స్ మేస్త్రీకీ అదే కాలు ఒకటి కాదు. ఈ మాట మీ పిటిషన్‌లో తప్పకుండా ఉండాలి.

మీరు ఎక్కువ కష్టపడాల్సింది సంపాదన రుజువు దగ్గర. జీతం చీటీ లేని మేస్త్రీ సంపాదనను ట్రిబ్యునల్ 12,000 అనుకుందనుకోండి, అదే లెక్కలో 9,07,200 కాస్తా 6,04,800 అవుతుంది. 3 లక్షల తేడా! అందుకే ప్రమాదానికి ముందు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పేలో వచ్చిన కూలి డబ్బులు, పని రాసుకున్న నోటు పుస్తకం, లేబర్ కార్డు అన్నీ తీసిపెట్టండి. పని ఇచ్చిన కాంట్రాక్టరును సాక్ష్యం చెప్పమని అడగండి.

ఇక ఫోన్ సంగతి. బండి నడుపుతూ సెల్ చేత్తో పట్టుకుని వాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆయన తొందర వెనక ఈ భయం ఉందని నా అనుమానం. ఎందుకంటే కారుకు ఇన్సూరెన్స్ ఉంటే మీ పరిహారం కట్టాల్సింది కంపెనీ, ఆయన జేబు కాదు. ఎం-పరివాహన్ యాప్‌లో కారు నంబరు కొట్టి, ప్రమాదం రోజుకు ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బాధ్యత కారు యజమానిదే అవుతుంది, వసూలు చేయడం కష్టం. అప్పుడు మాత్రం రాజీ మాటను వేరేగా ఆలోచించాలి.

ఆయన ఫోన్‌లో ఉన్నాడని చూసిన వాళ్ల మాట పోలీసుల రికార్డులోకి ఎక్కిందా? ఎక్కకపోతే ఇప్పుడే రాసివ్వండి. కాల్ రికార్డులు మనం అడిగితే కంపెనీలు ఇవ్వవు, పోలీసులో కోర్టో తెప్పించాలి. మీరు 108కి చేసిన కాల్ సమయం మీ ఫోన్‌లో ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ప్రమాదం జరిగిన సమయానికి అదే గురుతు. ఒకవేళ ఫోన్ విషయం రుజువు కాకపోయినా భయపడకండి. నిర్లక్ష్యంగా వెనక నుంచి గుద్దాడని తేలితే పరిహారానికి అది చాలు.

తప్పు ఎవరిదని నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. కారాయన ఇస్తానన్న దానికంటే అదే ఎక్కువ. కానీ దాన్ని తీసుకుంటే పెద్ద పిటిషన్ రద్దయిపోతుంది, కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లు కాగితాలు తెచ్చినా లాయరుకు చూపించాకే సంతకం.

ఇంతవరకూ చెప్పింది రావడానికి ఏడాదో రెండేళ్లో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు. అందాకా మిమ్మల్ని తినేది ఆ రెండు రూపాయల వడ్డీ. 3 లక్షలకు ఏటా 72,000. అవే నగలు బ్యాంకులో పెడితే, నూటికి ఏటా 10 వేసుకున్నా 30,000. ఎవరైనా బంధువును రెండు రోజులకు సర్దమని అడిగి నగలు విడిపించి బ్యాంకుకు మార్చండి. డ్వాక్రా సంఘంలో ఉంటే స్త్రీనిధి అప్పు సంగతి కూడా కనుక్కోండి. కాస్త ఊపిరి ఆడితేనే రాజీకి తలొంచకుండా ఉండగలరు.

లాయరు ఫీజు తీసుకోవచ్చు, న్యాయమే. కానీ పరిహారంలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. 15100కు ఫోన్ చేసి మీ ఆయనకు ఉచిత న్యాయ సహాయం వస్తుందేమో అడగండి, అనంతపురం కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ వెళ్లండి. ఇన్సూరెన్స్ కంపెనీతో లోక్ అదాలత్‌లో రాజీ పడితే త్వరగా తేలుతుంది. అయితే అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు, పైన వేసిన లెక్క చేతిలో పెట్టుకునే కూర్చోండి.

పిటిషన్‌కు చట్టంలో ఉన్న గడువు ప్రమాదం రోజు నుంచి ఆరు నెలలు. మీకు మూడు మిగిలాయి. ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, ఎక్స్‌రేలు ఒక ఫైల్లో పెట్టుకుని ఈ వారంలోనే లాయరు దగ్గరకు వెళ్లండి. ఫిల్ములు ఎండ తగిలే చోట పెట్టకండి.