ఐ20 ఎన్ లైన్ తీసుకోవాలా, ఆల్ట్రోజ్ రేసర్ తీసుకోవాలా? అరకు ఘాట్ ఎక్కించి చూడండి

సెకండ్ హ్యాండ్‌లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, టాటా ఆల్ట్రోజ్ రేసర్ రెండూ చూస్తున్నాను, ఉండేది వైజాగ్‌లో, నడపడానికి ఏది బాగుంటుంది, డ్యాష్‌బోర్డ్ దేనిది బాగుంటుంది అని అడిగారు కదా. నేనైతే ఎన్ లైన్ అంటాను, అది కూడా 2023 సెప్టెంబర్‌లో మార్చిన మోడల్‌లో వచ్చిన ఆరు గేర్ల మాన్యువల్. నా దగ్గర ఉన్నది అదే. ఆఫీసులో స్నేహితుడి రేసర్‌ని కూడా సిటీలో, అరకు దారిలో బాగా నడిపాకే ఈ మాట చెబుతున్నాను. అయితే మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ నా దృష్టిలో అవి రెండు కావు. స్టీరింగ్ ఎలా ఉంది, గేరు ఎలా పడుతోంది అన్నదానితో డ్రైవింగ్ అయిపోదు. కళ్లు రోడ్డు మీద నుంచి తీయకుండా చెయ్యి చాపితే కావాల్సిన బటన్ దొరకాలి, అది దొరక్కపోతే ఎంత పవర్ ఉన్నా ఆ కారు నడపడంలో సుఖం లేదు.

కాగితం మీద వీటికి పెద్ద తేడా లేదు. ఎన్ లైన్‌ది 1.0 లీటర్ టర్బో (లోపలికి గాలిని గట్టిగా నెట్టి పవర్ పెంచే ఇంజిన్), 120 పీఎస్ పవర్, 172 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. రేసర్‌ది 1.2 లీటర్ టర్బో, అదే 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు. రెండూ మూడు సిలిండర్లవే. ఈ అంకెలు పట్టుకుని యూట్యూబ్ కింద కొట్టుకునేవాళ్లని చూస్తే చిరాకేస్తుంది, ఆ రెండు న్యూటన్ మీటర్లు మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఎవరికి తెలుస్తాయి చెప్పండి.

బటన్ల గురించి నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. ఒక ఆగస్టులో మా ఇంటివాళ్లమంతా అరకు బయల్దేరాం, కారు మా బావమరిదిది, నడిపేది నేను. కంపెనీ పేరు అనవసరం, కొత్త కారే, లోపల అంతా స్క్రీనే. ఏసీకి కూడా బటన్ అన్నది లేదు, నున్నటి నల్లటి పట్టీ మీద గుర్తులు వెలుగుతుంటాయి, మిగతావి స్క్రీన్ లోపలికి వెళ్లి వెతుక్కోవాలి. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టేదాకా అందరం ఆ స్క్రీన్‌ని మెచ్చుకుంటూనే ఉన్నాం. టైడ దాటాక సన్నగా వాన. అనంతగిరి దగ్గరికొచ్చేసరికి మబ్బు రోడ్డు మీదకి దిగిపోయింది. కారులో ఐదుగురం, అత్తయ్యగారికి చలి అని ఏసీ ఆపేశాం. ఇంకేముంది, చూస్తుండగానే ముందు అద్దం లోపలి వైపు తెల్లగా ఆవిరి పట్టేసింది. సరిగ్గా అప్పుడే హెయిర్‌పిన్ మలుపు, పైనుంచి బస్సు దిగుతోంది, దాని లైట్ల వెలుతురు ఆ ఆవిరి మీద పడి మొత్తం తెల్లబడిపోయింది.

డీఫాగర్ వెయ్యాలి, అంటే ఆవిరి పోయేలా గాలిని అద్దం మీదకి కొట్టించాలి. వేలు పట్టీ మీద పెడితే ఎక్కడ పెట్టానో వేలికే తెలియదు, ఎత్తుపల్లాలేవీ లేవు కదా. గతుకులో కారు ఊగింది, వేలు జారి ఫ్యాన్ పెరిగింది. స్క్రీన్ మీద మ్యాప్ ఉంది, అది తప్పిస్తే గానీ ఏసీ పేజీ రాదు. మా ఆవిడ చున్నీతో అద్దం తుడిస్తే అలుక్కుపోయి ఇంకా అధ్వానమైంది. వెనక నుంచి బావమరిది "బావా, ఏటీ కనబడట్లేదు, ఆపెయ్ ఆపెయ్" అని అరుస్తున్నాడు. కిటికీ దించి, తల బయటపెట్టి, మలుపు దాటాక రోడ్డు కాస్త వెడల్పున్న చోట పక్కకి ఆపాను. ఆపిన తర్వాత కూడా ఆ కారు ఓనర్‌కి ఆ గుర్తు దొరకడానికి కాసేపు పట్టింది! కారు నడపడం వచ్చినవాళ్లం ఇద్దరం ఉండి కూడా, గాలి అద్దం మీదకి కొట్టించడానికి ఘాట్ రోడ్డు మధ్యలో కారు ఆపుకోవాల్సి వచ్చింది.

నా ఎన్ లైన్‌లో అదే పని ఒక్క నొక్కు. ముందు అద్దానికి విడిగా బటన్ ఉంది, చేతికి తగులుతుంది, వారం రోజులు నడిపితే చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్తుంది. రేసర్‌లో కూడా ఏసీకి నొక్కే బటన్లే ఉన్నాయి, కాబట్టి ఈ విషయంలో మీరు చూస్తున్న రెండూ పాసే. టచ్ పట్టీలు ఉన్న మూడో కారు ఏదైనా లిస్టులోకి వస్తే మాత్రం వద్దనే చెబుతాను.

మన వైజాగ్‌వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ఆవిరి రెండు రకాలుగా పడుతుంది. ఘాట్ మీద బయట చలి, లోపల మన ఊపిరి, కాబట్టి లోపలి వైపు పడుతుంది. దానికి ఏసీ ఆన్‌లోనే ఉంచి వెచ్చటి గాలి అద్దం మీదకి కొట్టించాలి, ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది. చలిగా ఉందని ఏసీ ఆపేస్తే ఆవిరి పెరుగుతుంది తప్ప తగ్గదు. సిటీలో ఉక్కపోత రాత్రుల్లో దీనికి రివర్స్: లోపల ఏసీ గట్టిగా పెడితే అద్దం చల్లబడి బయటి వైపు ఆవిరి పడుతుంది. అప్పుడు వైపర్ ఒకసారి తిప్పి, చల్లదనం తగ్గించాలి, చల్లగాలి అద్దం మీదకి వెళ్లకుండా చూడాలి. రెండు పనులూ నడుపుతూనే చెయ్యాల్సినవి.

ఇది పాతకాలం మనిషి గోల అని కొట్టిపారేసేవాళ్లుంటారు. కానీ 2022లో ఒక స్వీడన్ కార్ల పత్రిక మూతపడ్డ ఎయిర్‌ఫీల్డ్‌లో టెస్ట్ పెట్టింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో నడుపుతూ ఏసీ, రేడియో లాంటి కొన్ని మామూలు పనులు చెయ్యాలి. 2005 నాటి బటన్ల వోల్వో వీ70లో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి. అన్నిటికంటే వెనకబడ్డ కొత్త టచ్‌స్క్రీన్ కారులో 44 సెకన్లు దాటింది, ఆలోపు కారు 1,300 మీటర్ల పైనే వెళ్లిపోయింది. హాట్ హ్యాచ్‌లకే, అంటే పవర్ ఎక్కువున్న చిన్న కార్లకే పెద్దన్న లాంటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐనే చూడండి, ఎనిమిదో తరంలో స్టీరింగ్ మీద టచ్ ప్యాడ్లు పెట్టారు, కొన్నవాళ్లూ రివ్యూవర్లూ చాలామంది తిట్టారు, 2025లో మన దేశానికి వచ్చిన సవరించిన మోడల్‌లో మళ్లీ నొక్కే బటన్లు పెట్టారు. యూరప్‌లో కార్ల భద్రతని పరీక్షించి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటివాటికి విడి కంట్రోల్ లేకపోతే పూర్తి మార్కులు ఇచ్చేది లేదన్నారు. అంటే ప్రపంచమే బటన్ల వైపు తిరుగుతోంది.

డ్యాష్‌బోర్డ్ విషయంలో ఇంకొకటి షోరూమ్ లైట్ల కింద అస్సలు తెలియదు. ఉదయం ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్లండి. సముద్రం డ్రైవర్ వైపే ఉంటుంది, ఎండ నేరుగా కిటికీలోంచి వచ్చి స్క్రీన్ మీద, తళతళలాడే నల్ల ప్లాస్టిక్ మీద పడుతుంది. పైగా మన ఉక్కకి చేతులు ఎప్పుడూ జిడ్డే, ఆ నల్లదాని మీద ప్రతి వేలిముద్రా కనిపిస్తుంది. అందుకే ఎన్ లైన్ లోపల నలుపు, అక్కడక్కడ ఎరుపు అన్నది నాకు నచ్చుతుంది, చాలామటుకు మెరవని ప్లాస్టిక్కే. మీటర్ మాత్రం పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ దగ్గర ఆగిపోవాల్సింది అంటాను: రెండు గుండ్రటి డయళ్లు, రెండు ముళ్లు, ఒక్క చూపు చాలు. ఇప్పుడు మీటర్లో బొమ్మలు ఎక్కువైపోయాయి. పోలోని 2022లో ఇక్కడ ఆపేశారు, ఆ బాధ నాకింకా తీరలేదు.

ఇక డ్రైవింగ్. ఎన్ లైన్ మామూలు ఐ20 కంటే సస్పెన్షన్ గట్టిగా సెట్ చేసింది, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. గాలికొండ నుంచి కిందకి దిగేటప్పుడు రెండో గేర్‌లో ఇంజిన్‌తో పట్టుకుంటూ, మలుపుకి ముందు కొంచెం బ్రేక్ తాకిస్తే కారు ఎటు తిప్పితే అటే పోతుంది, ఒళ్లు ఊగదు. ఎక్కేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, 1,500 ఆర్‌పీఎమ్ కింద టర్బో నిద్రపోతుంది, కాబట్టి మలుపులోకి వెళ్లకముందే రెండులోకి దించండి, మలుపులో దించితే ఊపు పోతుంది. (ఎక్కే బండికి దారివ్వాలని రూల్ ఉంది, వీకెండ్‌లో పెద్ద పెద్ద ఎస్‌యూవీల్లో దిగేవాళ్లకి అది ఎవరైనా చెప్తే బాగుణ్ణు.) రేసర్ ఇంత చురుకు కాదు, కానీ నేషనల్ హైవే మీద వంద దగ్గర దాని నిలకడ నాకు నచ్చింది, గతుకుల్ని కూడా ఇంకా బాగా మింగుతుంది. ముందు సీట్లకి లోపలి నుంచి గాలొచ్చే ఏర్పాటు ఉంది, మే నెలలో గాజువాక ట్రాఫిక్‌లో వీపు తడవకుండా ఇంటికి రావడం మాటలా! మామూలు ఆల్ట్రోజ్‌కి 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో 5 స్టార్లు, ఐ20కి 2022లో 3 స్టార్లు వచ్చాయన్నది కూడా దాచను. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఒక్కదానికే రేసర్ అన్నా నేను వాదించను.

టెస్ట్ డ్రైవ్ అడిగితే షోరూమ్‌వాళ్లు సర్వీస్ రోడ్డులో రెండు యూటర్న్‌లు తిప్పి, సన్‌రూఫ్ తెరిచి చూపించి పంపేస్తారు. దానికి ఒప్పుకోకండి. మీరు కొనేది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఓనర్‌నే కూర్చోబెట్టుకుని కనీసం కైలాసగిరి ఎక్కి దిగండి, ఆ దారిలో మ్యాప్, పాటలు, ఏసీ అన్నీ ఒకేసారి పెట్టి చెయ్యి ఎక్కడ తడబడుతోందో చూసుకోండి. 2021-23 మధ్య ఎన్ లైన్ దొరికితే అందులో క్లచ్ పెడల్ లేని ఐఎమ్‌టీ ఉంటుంది, లేదా డీసీటీ, అంటే లోపల రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ ఉంటుంది. ఐఎమ్‌టీ ట్రాఫిక్‌లో హాయి, ఘాట్‌లో నా కాలు క్లచ్ కోసం వెతుక్కుంది, నాకు సరిపడలేదు. డీసీటీ అయితే ఎక్కుడులో జామ్ అయినప్పుడు యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టకండి, బ్రేక్ మీదే ఉంచండి, లేదంటే లోపలి క్లచ్‌లు వేడెక్కుతాయి. కొనే ముందు ఆ కారు రోజూ ఏ దారిలో తిరిగిందో కూడా అడగండి.