కచేరీకి వెళ్తున్న బేస్ కుర్రాడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గచ్చిబౌలి స్టేడియంలో కచేరీకి స్టేజీ ముందరి పిట్‌లో టికెట్ కొన్నావని అక్క చెప్పింది. డబ్బులు బాగానే పోసుంటావు. అయినా చెప్తున్నాను, నువ్వు వెళ్లేది బేస్ గిటార్ వినడానికే అయితే రెండు పాటలు అయ్యాక అక్కణ్ణించి వెనక్కి వచ్చెయ్.

బేస్ వాయించే మా గుంపు ఏ కచేరీకి వెళ్లినా, బయటికొచ్చి ఇరానీ చాయ్ చేతిలోకి తీసుకోగానే వాదన మొదలవుతుంది. ఒకడు ‘అసలు బేసే వినపడలేదు’ అంటాడు. ఇంకొకడు ‘గుండెలు అదిరాయి గానీ ఒక్క స్వరం తెలిస్తే ఒట్టు’ అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నిలబడ్డ చోట్లు వేరు, అంతే. నీ గిటార్‌లో లావు తీగ ఓపెన్‌గా మోగితే సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. స్టేజీకి రెండు పక్కలా పెట్టిన, కింది స్వరాల్ని మోగించే పెద్ద స్పీకర్లైన సబ్‌వూఫర్ల నుంచి వచ్చే తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. బేస్ వినిపించలేదా, సౌండ్ ఇంజనీర్‌ని తిట్టుకోకుండా నాలుగడుగులు పక్కకి జరిగి చూడు.

పిట్‌లో సబ్‌లు నీ కడుపుకి ఎదురుగా ఉంటాయి. అదురు తెలుస్తుంది, స్వరం తెలియదు. బేసిస్ట్ దగ్గరే కదా, అతని ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) వినపడుతుందిలే అనుకోకు. ఇప్పుడు చాలామంది స్టేజీ మీద ఆంప్ పెట్టడమే మానేశారు. డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా గిటార్ శబ్దాన్ని నేరుగా, అన్ని వాద్యాలనీ కలిపే మిక్సర్‌కి ఇచ్చి, తమ వాయింపు వినడానికి చెవుల్లో ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నారు. కాబట్టి ఆ రెండు పాటలూ చేతులు చూడ్డానికి వాడుకో. తర్వాత మిక్సర్ టెంట్ దగ్గరికి వచ్చి, దానికి కాస్త ముందు నిలబడు. సౌండ్ సరిచేసేవాడు వినేది అక్కణ్ణించే, వాడికి నచ్చేలా చేసుకున్న సౌండే నీకూ వస్తుంది. రవీంద్రభారతి లాంటి హాల్లో అయితే వెనక గోడకి ఆనుకున్న వరస, మూలలు వద్దు. అక్కడ బేస్ పోగుపడి గుయ్‌మంటుంది.

చెవుల సంగతి మర్చిపోకు. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతూ, 100కి చేరేసరికి పావుగంటే మిగులుతుంది. పెద్ద కచేరీల్లో 100 మామూలే. మందుల షాపు స్పాంజి ప్లగ్‌లు పై స్వరాల్ని ఎక్కువ నొక్కేస్తాయి, అంతా దుప్పటి కప్పినట్టుంటుంది. సంగీతం వాయించేవాళ్ల కోసం అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమానంగా తగ్గించేవి విడిగా దొరుకుతాయి. అవి కొనుక్కో. డబ్బులు నేనిస్తాను, అక్కకి చెప్పకు.

ఇక ఏం వినాలి? మోహినీ డే లాంటి బేసిస్టులు సోలో అందుకుంటే నోరు తెరుచుకుని చూడు, తప్పులేదు. కానీ ఆ పక్కనే గాయకుడు పాడుతున్నప్పుడు ఆమె ఏం చేస్తోందో కూడా చూడు. నీలాంటి కుర్రాళ్లకి అక్కడే కళ్లు ఫోన్ మీదకి పోతాయి. ఒక పాటంతా డ్రమ్మర్ కుడికాలు మీదే దృష్టి పెట్టు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడ్డప్పుడల్లా బేస్ పడుతోందా, ఎక్కడ కావాలని తప్పుకుంటోంది? ఇంకో పాటలో స్వరం ఎక్కడ మొదలైందో వదిలేసి ఎక్కడ ఆగిందో విను. అరచేతితో నొక్కి ఆపాడా, ఎడమచేతి వేలు కాస్త లేపాడా, మోగనిచ్చాడా? పాట నడక మారేది చాలావరకు అక్కడే. వేళ్ల లెక్కతో పనిలేదు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే తీగ మీటేవాడు. ఇళయరాజా పాట వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి బేస్‌ని విడిగా ఒక పాటలా కూనిరాగం తీస్తూ వెంటపడు. ఆయన బేస్‌కి సొంత వరసలు రాస్తారు.

చేతికీ శబ్దానికీ పొంతన కుదరట్లేదనిపిస్తే ముందే రికార్డు చేసిన ట్రాక్ నడుస్తోందేమో. అది కూడా గమనించు, బయటికి అనకు. రేపు నువ్వూ అలా వాయించాల్సి రావచ్చు.

వీడియో తియ్యకు. అంత పెద్ద శబ్దానికి ఫోన్ మైకు చిట్లిపోయినట్టు రికార్డు చేస్తుంది, ఆ బుల్లి స్పీకర్లో కింది స్వరాలు ఎలాగూ రావు. చేతి కదలిక కోసం అయితే అర నిమిషం చాలు. ఇంటికొచ్చాక ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో రాసిన కాగితం) వెతక్కుండా, చెవిలో మిగిలిన ఒక్క లైను వాయించి నాకు పంపు.

డ్రమ్మర్ ఎవరో కనుక్కుని చెప్పు. మంచివాడైతే నాకూ ఒక టికెట్ తియ్యి, పిట్‌లో మాత్రం కాదు.

మావయ్య