సరదాగా సైకిల్ తొక్కేవాళ్లకు ఏ సైకిల్ కంప్యూటర్ సరిపోతుంది?

"వారాంతాల్లో ముప్పై నలభై కిలోమీటర్లు సరదాగా తొక్కుతాను, పోటీలకు వెళ్లను. వైరున్నది కొనాలా, వైర్‌లెస్సా, జీపీఎస్‌దా? అసలు ఫోన్ చాలదా?" అన్నది సైకిల్ కంప్యూటర్ గురించి, అంటే హ్యాండిల్ మీద బిగిస్తే వేగం, దూరం చూపించే చిన్న పరికరం గురించి వచ్చిన ప్రశ్న. సమాధానం ముందే చెప్పేస్తాను. తెలిసిన దారుల్లో తొక్కేవాళ్లకు అయస్కాంతంతో పనిచేసే మామూలు వైరు రకం చాలు. తెలియని దారులు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు మ్యాప్ చూపించే జీపీఎస్ రకం కావాలి. ఈ రెండిటికీ మధ్య ఉండేవి, అంటే జీపీఎస్ ఉండి మ్యాప్ లేనివి, చాలామంది కొంటున్నారు గానీ సరదాగా తొక్కేవాళ్లకు వాటివల్ల ఒరిగేది తక్కువ. అవి చేసే రికార్డింగ్ పని జేబులోని ఫోన్ కూడా చేసిపెడుతుంది.

కొనేటప్పుడు అందరూ పెట్టె మీది ఫీచర్లు లెక్కపెడతారు. చూడాల్సింది తెర. హ్యాండిల్ మీది కంప్యూటర్ కంటికి 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, కింద రోడ్డు అదురుతుంటుంది, చూడ్డానికి దొరికేది అర సెకను. ఒకే పేజీలో పది అంకెలు చూపిస్తామనే మోడల్‌లో ఒక్కో అంకె ఎంత చిన్నదవుతుందో ఆలోచించండి. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకు అది అసలు కనబడదు. పేజీకి మూడు, మహా అయితే నాలుగు అంకెలు. వేగం పెద్దగా, దాని కింద దూరం, పక్కన గడియారం. ఇంతకుమించి దారిలో పనికొచ్చేది ఏదీ లేదు. దుకాణంలో లైట్ల కింద చూసి కొనకండి, గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో, బ్యాక్‌లైట్ ఆపేసి చూడండి. మీద పడిన ఎండనే వెనక్కి తిప్పి చూపించే తెరలు ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఫోన్ తరహా రంగుల తెరలకు ఆ సుగుణం లేదు, ఎండతో పోటీపడి వెలగాలి, ఆ వెలుగంతా బ్యాటరీలోంచే రావాలి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకునే అలవాటుంటే అవి పెట్టుకునే చూడండి. కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి.

సగటు వేగాన్ని మాత్రం మొదటి పేజీలోంచి తీసేయమని గట్టిగా చెబుతాను. సరదాకి తొక్కేవాళ్ల ఆనందాన్ని పాడుచేసే అంకె అదొక్కటే. అది పడిపోకూడదని కూడళ్ల దగ్గర ఆగాల్సిన చోట ఆగరు, టీ తాగడానికి దిగాలన్నా వెనకాడతారు. ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

ఇక వైరు రకం సంగతి. దీన్ని పాతకాలపు వస్తువని కొట్టిపారేసేవాళ్లలో చాలామంది దాన్ని సరిగ్గా బిగించినవాళ్లు కారు. ముందు చక్రం స్పోక్‌కి (చక్రం పుల్లకి) ఒక చిన్న అయస్కాంతం, ఆ చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే ఫోర్కుకి ఒక సెన్సర్. సెన్సర్ లోపల సన్నటి రీడ్ స్విచ్ ఉంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ అది మూసుకుని ఒక పల్సు పంపుతుంది. 700×32 టైరు (ఈ సైజు టైరు పక్కన రాసి ఉంటుంది) మీద గంటకు 25 కిలోమీటర్లు పోతుంటే సెకనుకు మూడు పల్సులు దాటుతాయి. చక్రం చుట్టుకొలతను పల్సుల సంఖ్యతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. ఉపగ్రహం అక్కర్లేదు, చెట్ల కింద తడబడదు, సొరంగంలోనూ పనిచేస్తుంది, సీఆర్2032 లాంటి నాణెం సెల్లు ఒకటి వేస్తే నెలల తరబడి ఆ ఊసే ఉండదు.

బిగించడంలో చెడేవి మూడే. మొదటిది ఖాళీ. అయస్కాంతానికీ సెన్సర్‌కీ మధ్య 2, 3 మి.మీ. ఉంచండి, 5 దాటనివ్వకండి. లావు ఫోర్కులున్న సైకిళ్లలో ఈ ఖాళీ తక్కువైపోతుంది, నిటారు సన్నటి ఫోర్కుల్లో ఎక్కువైపోతుంది. సెన్సర్ కింద రబ్బరు ముక్క పెట్టి సర్దుకోవాలి, లేదా రెండిటినీ కలిపి ఫోర్కు వెంట పైకో కిందికో జరుపుతూ ఖాళీ సరిపోయే చోటు చూడాలి. అయస్కాంతం సెన్సర్ మధ్యలోంచే పోనక్కర్లేదు. చాలా సెన్సర్ల మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత ఎదురుగా పోవాలి. వేగం ఉన్నట్టుండి సగానికి పడి మళ్లీ లేస్తోందంటే పల్సులు తప్పుతున్నాయని, అంటే ఖాళీ ఎక్కువైందనో అయస్కాంతం పక్కకు తిరిగిందనో అర్థం. స్పోక్‌ని వేళ్లతో పట్టి అయస్కాంతాన్ని కదిపి చూడండి, ఏమాత్రం తిరిగినా స్క్రూ బిగించండి. చదునుగా ఉండే స్పోక్‌లకు మామూలు అయస్కాంతం పట్టదు, వాటికి వేరే రకం అడిగి తీసుకోవాలి. డిస్క్ బ్రేకులుంటే రోటర్ (బ్రేకు పళ్లెం) లేని వైపు ఫోర్కుకి పెట్టండి.

రెండోది వైరు. బ్రేకు కేబుల్ చుట్టూ వదులుగా తిప్పుతూ పైకి తీసుకెళ్లండి. ఫోర్కు, హ్యాండిల్ కలిసే తిరుగుతాయి కాబట్టి వైరుని ఫ్రేముకి ఎక్కడా కట్టకూడదు. కట్టారంటే మలుపు తిప్పినప్పుడల్లా లాగుతుంది, కొన్నాళ్లకు లోపల రాగి తీగ తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. సస్పెన్షన్ ఫోర్కుంటే అది పూర్తిగా సాగినప్పుడు ఎంత పొడవు కావాలో చూసుకుని, దానికి కాస్త ఎక్కువే వదలండి. జిప్ టైలు మరీ బిగిస్తే అవే వైరుని కోస్తాయి.

మూడోది, అన్నిటికన్నా ఎక్కువమంది పట్టించుకోనిది, చక్రం చుట్టుకొలత. ఎవరో బిగించి ఇచ్చినప్పుడు కంప్యూటర్‌లో 2096 (మి.మీ.) అని ఉండిపోతుంది. అది 700×23 టైరు కొలత. మీ సైకిల్‌కి 700×32 టైరుంటే దాని చుట్టుకొలత సుమారు 2155 మి.మీ. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ మీరు 100 కిలోమీటర్లు తొక్కితే అది 97.3 చూపిస్తుంది, అంటే దాదాపు మూడు కిలోమీటర్లు మాయం. 29×2.1 టైరుకి 2288, 26×2.0 టైరుకి 2055 దగ్గర ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే పదిశాతం పైనే తప్పు. పట్టికలోని అంకె ఆరంభానికి మంచిదే, అసలైన కొలత మాత్రం నేలమీదే తీసుకోవాలి. టైర్లలో రోజూ ఉంచేంత గాలి ఉంచండి. ముందు చక్రం వాల్వు సరిగ్గా కిందికి వచ్చేలా నిలబెట్టి నేలమీద సుద్దతో గీత గీయండి. సీటు మీద మీరు కూర్చోండి, పక్కన ఒకరు పట్టుకోవాలి, ఎందుకంటే బరువు పడితే టైరు నొక్కుకుని చుట్టుకొలత కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. తిన్నగా మూడు చుట్లు తిరిగేలా ముందుకు పోనిచ్చి, వాల్వు మళ్లీ కిందికొచ్చిన చోట రెండో గీత. టేపుతో కొలిచి మూడుతో భాగించండి. 6,465 మి.మీ. వస్తే మీ అంకె 2155. ఒక్క చుట్టే కొలిస్తే గీత గీయడంలో జరిగిన పొరపాటు పూర్తిగా ఆ అంకె మీద పడుతుంది, మూడు చుట్లయితే మూడోవంతే పడుతుంది. టైరు సైజు మారిస్తే మళ్లీ కొలవాలి.

వైర్‌లెస్‌లో రెండు జాతులున్నాయి, అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు. చవక రకంలో సెన్సర్ బలహీనమైన రేడియో సంకేతం పంపుతుంది. 60, 70 సెంటీమీటర్లు దాటితే అందదు, పక్కన మిణుకుమనే ఎల్ఈడీ లైటు ఉంటే గందరగోళపడి, నిలబడి ఉన్న సైకిల్‌కి కూడా ఏదో వేగం చూపిస్తుంది. రెండో రకం 2.4 గిగాహెర్ట్జ్‌లో ఏఎన్‌టీ ప్లస్ (ఇలాంటి సెన్సర్లు వాడే రేడియో పద్ధతి), బ్లూటూత్ వాడేది. దీనికి ఈ తిప్పలు ఉండవు. ఇందులో హబ్‌కి, అంటే చక్రం నడిమి భాగానికి, రబ్బరు పట్టీతో తగిలించే అయస్కాంతం లేని వేగం సెన్సర్లూ వస్తాయి. వైర్‌లెస్సే కావాలంటే ఈ రెండో రకం తీసుకోండి, సెన్సర్ ఏఎన్‌టీ ప్లస్, బ్లూటూత్ రెండూ ఉన్నదై ఉండాలి. ఫోన్లలో చాలావాటికి ఏఎన్‌టీ ప్లస్ లేదు, రేపు ఫోన్‌తో కలపాలన్నా బ్లూటూత్ కావాలి.

జీపీఎస్ దగ్గరికొద్దాం. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే సంకేతంలో కావాలని కలిపే తప్పును ఆపేశాకే ఇది సైకిల్ మీద పనికొచ్చేంత కచ్చితంగా మారింది. ఇప్పుడు యూరప్ వాళ్ల గెలీలియో, రష్యా వాళ్ల గ్లొనాస్ ఉపగ్రహాలూ తోడయ్యాయి. అయినా దట్టమైన చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య సంకేతం తగిలి తిరిగొచ్చి గీత వంకరపోతుంది. నిటారు ఎక్కుడులో గంటకు నాలుగైదు కిలోమీటర్లతో పోతుంటే ఆటో పాజ్ (సైకిల్ ఆగితే రికార్డింగ్ తనంతట తాను ఆపే ఏర్పాటు) మీరు ఆగిపోయారనుకుంటుంది. కాసేపు ఆపుతుంది, మళ్లీ మొదలెడుతుంది, ప్రతిసారీ బీప్‌మంటుంది. ఆటో పాజ్ తీసేయండి, లేదా హబ్ సెన్సర్ ఒకటి జతచేయండి. బయల్దేరేముందు కంప్యూటర్‌ని ఆకాశం కనిపించే చోట ఒకటి రెండు నిమిషాలు కదలకుండా ఉంచండి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి చెబుతుంది. మధ్యలో చెట్టు అడ్డొస్తే మళ్లీ మొదటినుంచీ వినాలి. తొక్కుతూ ఆన్ చేసినవాళ్లకు మొదటి కిలోమీటరు ఎగిరిపోయేది అందుకే.

ఎత్తు, వాలు చూపించే మోడల్‌కి ఎక్కువ డబ్బు పెట్టేముందు ఇది తెలుసుకోండి. మంచివాటిలో బారోమీటర్ ఉంటుంది, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కేస్తుంది. సముద్రమట్టం దగ్గర ఎనిమిది మీటర్లు ఎక్కితే పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి వాతావరణం వల్లే నాలుగు హెక్టోపాస్కల్‌లు మారితే, బయల్దేరిన గుమ్మానికే తిరిగొచ్చినా 30 మీటర్ల పైన తేడా చూపిస్తుంది. కంప్యూటర్ చెడిపోలేదు, గాలి మారింది. దాని అడుగున సూది బెజ్జంలాంటి రంధ్రం ఉంటుంది, వానలో అక్కడ నీటిబొట్టు నిలిస్తే ఎత్తు ఒకచోటే ఆగిపోతుంది. గట్టిగా ఊది ఆరనివ్వండి, పిన్ను మాత్రం పెట్టకండి. వాలు అంకె ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనకే నడుస్తుంది. 60 మీటర్ల చిన్న ఎక్కుడుని గంటకు 9 కిలోమీటర్లతో ఎక్కితే 24 సెకన్లలో అయిపోతుంది. కాళ్లు మండుతున్నప్పుడు తెర మీద 3 శాతం ఉంటుంది, పైకి చేరి చదునులో ఊపిరి పీల్చుకుంటుంటే 8 శాతం అంటుంది. చిన్న గుట్టలున్న చోట ఈ అంకె వల్ల లాభం లేదు. పొడవాటి ఘాట్‌లలో బాగానే ఉంటుంది.

మ్యాప్ కోసమే కొంటున్నట్టయితే రెండు విషయాలు అడగండి. దారి తప్పితే కొత్త దారి తనంతట తాను లెక్కేస్తుందా, లేక ఫోన్ కలిపి ఉంటేనేనా? జీపీఎక్స్ ఫైలుని (దారి వివరాలుండే ఫైలుని) కేబుల్‌తో నేరుగా వేసుకోవచ్చా, లేక కంపెనీ యాప్‌లో ఖాతా తప్పనిసరా? ఖాతా లేనిదే గడియారం సమయం కూడా మార్చనివ్వని వస్తువులు వస్తున్నాయి, అవి నాకు అస్సలు నచ్చవు. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు తొక్కడానికి వెళ్లే ఉదయం చేయకండి. అలాగని పాత మోడళ్లకు అప్‌డేట్లు పూర్తిగా మానేయకండి కూడా. జీపీఎస్ తేదీని వారాల సంఖ్యగా పంపుతుంది, 2019 ఏప్రిల్ 6న ఆ లెక్క సున్నాకి తిరిగినప్పుడు సరిచేసుకోని పాత పరికరాలు కొన్ని తేదీ తప్పు చూపించాయి.

బటన్లా, టచ్ తెరా అంటే బటన్లే. చెమట బొట్టు, వాన చినుకు పడితే టచ్ తెర తనంతట తానే పేజీలు మారుస్తుంది. బ్యాటరీ గంటల విషయంలో, పెట్టె మీద రాసినది బ్యాక్‌లైట్ లేకుండా, మ్యాప్ లేకుండా లెక్కేసినదని అనుకుని మూడోవంతు తగ్గించుకోండి. నీటిని తట్టుకునే స్థాయిగా పెట్టె మీద రాసే ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. పైపుతో జోరుగా కొట్టి సైకిల్ కడిగితే తట్టుకుంటుందని కాదు. వానలో తడిశాక ఛార్జింగ్ రంధ్రం ఆరకముందే కేబుల్ పెడితే లోపలి పిన్నులు తుప్పు పడతాయి.

మౌంట్, అంటే కంప్యూటర్‌ని హ్యాండిల్‌కి బిగించే పీట, కొలత చూసుకోకుండా కొనకండి. ఇప్పటి హ్యాండిల్ బార్లు చాలావరకు స్టెమ్ (బార్‌ని మధ్యలో పట్టి ఉంచే భాగం) దగ్గర 31.8 మి.మీ., పాతవి 25.4, అంచులకు వెళ్లేకొద్దీ ఇంకా సన్నం. గార్మిన్, వాహూ కంపెనీల కంప్యూటర్లు రెండూ పావు తిప్పు తిప్పి బిగించేవే అయినా ఒకదాని మౌంట్‌లో మరొకటి పట్టదు. రబ్బరు రింగులు ఎండకు పగుళ్లిస్తాయి, పగులు కనిపించగానే మార్చేయండి. కంప్యూటర్‌తో చిన్న తాడు ఇస్తే అది తప్పకుండా కట్టండి. గోతిలో పడినప్పుడు ఊడేది సాధారణంగా కంప్యూటర్ అడుగునున్న ప్లాస్టిక్ చెవే, దాన్ని బాగుచేయడం కష్టం.

ఫోన్ చాలదా అన్నారు. రికార్డు చేయడానికి చాలు, జేబులో ఉంచండి. హ్యాండిల్ మీద మాత్రం వద్దు. ఎండలో తెర పూర్తి వెలుగుతో, జీపీఎస్ నడుస్తూ ఉంటే వేడెక్కి తెర మసకబారుతుంది, బ్యాటరీ కళ్లముందే దిగిపోతుంది. పంక్చరైనప్పుడో, కింద పడినప్పుడో ఇంటికి ఫోన్ చేయాల్సింది దాంతోనే.

ఇంట్లో పాత వైరు కంప్యూటర్ ఏదైనా సున్నా చూపిస్తూ పడి ఉంటే, కొత్తది కొనేముందు దాన్ని పరీక్షించండి. సెల్లు మార్చేముందు మొత్తం దూరం ఎక్కడైనా రాసిపెట్టుకోండి, చాలా మోడళ్లలో అది చెరిగిపోతుంది, కొన్నిటిలో తిరిగి ఎక్కించుకోవచ్చు. సెల్లు వేశాక తలభాగాన్ని మౌంట్‌లోంచి తీసి వెనక్కి తిప్పండి, రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. ఒక నాణెం అంచుతో ఆ రెండిటినీ కలుపుతూ టకటకా తట్టండి. వేగం అంకె కదిలితే కంప్యూటర్ బాగానే ఉంది, పాడైంది వైరో, సెన్సరో, మౌంట్ మీది చుక్కలకు పట్టిన తుప్పో. చుక్కల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, అయస్కాంతం ఖాళీ సరిచేసి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. అప్పటికీ రాకపోతే మౌంట్, వైరు, సెన్సర్ కలిపిన సెట్టు విడిగా దొరుకుతుందేమో అడగండి.