డాలస్ వచ్చిన మా అమ్మాయికి, కూపన్ల సంగతి చెబుతూ పెద్దమ్మ

స్వాతీ,

మొన్న ఫోన్లో గ్రోసరీకే ఇంతవుతోంది పెద్దమ్మా, ఇక్కడ అందరూ కూపన్లు కూపన్లు అంటారు, అవి ఎలా వాడాలో చెప్పవా అన్నావు కదా, నోటితో చెబితే సగం మర్చిపోతావని టైప్ చేసి పెడుతున్నా. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువుకో.

ముందు ఒకటి తీసెయ్యి బుర్రలోంచి. టీవీలో, యూట్యూబ్ లో చూపిస్తారే, బండి నిండా సరుకు తోసుకుంటూ వచ్చి కౌంటర్ దగ్గర రెండు మూడు డాలర్లు కట్టి వెళ్ళిపోవడం, అది మన ఇళ్ళల్లో జరిగేది కాదు, జరగక్కర్లేదు కూడా. ఆ బండిలో ఏముందో ఎప్పుడైనా చూశావా, మస్టర్డ్ సీసాలు, డియోడరెంట్లు, గట్టిగా చూస్తే అన్నంలో కలుపుకునేది ఒక్కటి ఉండదు. మనం తినే వాటికి అసలు కూపనే రాదు తల్లీ. కందిపప్పుకి, చింతపండుకి, సోనా మసూరికి, బెండకాయలకి ఎవడూ కూపన్ వెయ్యడు. కూపన్ వచ్చేదల్లా పెద్ద బ్రాండు పేరున్న ప్యాకెట్ సరుక్కి, అంటే సీరియల్, యోగర్ట్, జ్యూసులు, చిప్స్, డిటర్జెంట్, డిష్ సోప్, పేస్టు, షాంపూ, రేపు పిల్లలు పుడితే డైపర్లు. అందుకే నేను ఇంటి ఖర్చుని రెండు ముక్కలు చేసి చూస్తా, బాత్రూము లాండ్రీ టిఫిన్ సామానుకి కూపన్లు, బియ్యం పప్పు కూరలకి వేరే దారి. ఈ తేడా తెలియక కూపన్ ఉంది కదా అని కొనడం మొదలుపెడితే నెల బిల్లు తగ్గదు సరికదా ఇంకో పాతిక పెరుగుతుంది, ఆ మిగిలిన చిప్స్ ఎవరు తింటారు, నువ్వూ అల్లుడూనే.

కూపన్లు రెండు రకాలు. ఒకటి సరుకు తయారుచేసే కంపెనీ ఇచ్చేది, దాని మీద మాన్యుఫాక్చరర్ కూపన్ అని రాసి ఉంటుంది, ఏ స్టోర్లో అయినా చెల్లుతుంది, వాళ్ళు తీసుకుంటే. రెండోది స్టోర్ వాడు సొంతంగా ఇచ్చేది, అక్కడే చెల్లుతుంది. చాలా స్టోర్లలో ఒక వస్తువు మీద కంపెనీ కూపన్ ఒకటి, స్టోర్ కూపన్ ఒకటి, రెండూ కలిపి వాడనిస్తారు, దీన్నే స్టాకింగ్ అంటారు. కానీ ఒకే వస్తువు మీద రెండు కంపెనీ కూపన్లు కుదరవు, ఫోన్లో ఒకటి నొక్కి కాగితం ఇంకొకటి ఇచ్చినా కుదరవు. కౌంటర్లో కాగితం కూపన్ ఇవ్వడానికి నువ్వు మొహమాటపడతావని నాకు తెలుసు, మీ అమ్మ కూతురివి కదా. అక్కడ నువ్వేం అడుక్కోవడంలేదు. ఆ డబ్బు స్టోర్ వాడికి కంపెనీ తిరిగి కడుతుంది, ఒక్కో కూపన్ కి పైన హ్యాండ్లింగ్ కింద మామూలుగా 8 సెంట్లు కూడా ఇస్తుంది, కూపన్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది చూడు. ఈ పద్ధతి ఇప్పటిది కాదు, 1880ల చివర్లోనే అట్లాంటాలో కోకా కోలా వాళ్ళు ఒక గ్లాసు ఫ్రీ అని చీటీలు పంచారు, అప్పట్నుంచీ ఈ దేశంలో ఎవరికీ ఇది నామోషీ కాదు.

మేము వచ్చిన కొత్తల్లో ఆదివారం పేపరు కొని కత్తెర పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఆ పేపర్లో వచ్చే కూపన్లు బాగా పలచబడ్డాయి, దాని కోసం పేపరు కొనకు. అంతా ఫోన్లోనే. క్రోగర్, టామ్ థంబ్, టార్గెట్ ఈ మూడు స్టోర్ల యాప్లు పెట్టుకో, ఇవాళే ఒక కొత్త జీమెయిల్ తెరిచి దాంతో రిజిస్టర్ అవ్వు, లేకపోతే నీ ఆఫీసు మెయిల్స్ మధ్య రోజూ పెరుగు మీద ఆఫర్లు వస్తాయి. యాప్ లో కూపన్ కనబడగానే సరిపోదు, దాన్ని క్లిప్ అని నొక్కాలి, కౌంటర్లో ఫోన్ నంబరు కొట్టాలి. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు, షెల్ఫ్ మీద పసుపు స్టిక్కర్ లో 1.99 అని పెద్దగా ఉంటుంది, కింద చిన్నగా డిజిటల్ కూపన్ తో అని ఉంటుంది, అది నొక్కకపోతే మామూలు రేటే పడుతుంది. స్టోర్ లోపల సిగ్నల్ సరిగ్గా రాదు కొన్నిచోట్ల, అందుకని ఇంట్లోనే నొక్కేసుకుని బయల్దేరు.

హెచ్ఈబీ అనే స్టోర్ సంగతి వేరు. 2022లో మన డాలస్ పక్కనే ఫ్రిస్కోకి, ప్లేనోకి వచ్చింది కదా, దాని కోసం ఇక్కడి జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. అక్కడ కార్డూ లేదు మెంబర్షిప్పూ లేదు, ఐల్స్ లో షెల్ఫులకే పసుపు కూపన్ కాగితాలు వేలాడుతుంటాయి, ఒకటి చింపుకుని కౌంటర్లో ఇస్తే చాలు. కాంబో లోకో అని పెడతారు, ఒకటి కొంటే ఇంకోటి ఫ్రీ అని. చాలావాటిల్లో మాంసం ఉంటుంది, నువ్వు తినవు కాబట్టి అవి చూసి ఆగకు.

ఇక్కడ వారం బుధవారం మొదలవుతుందనుకో. క్రోగర్, టామ్ థంబ్, హెచ్ఈబీ వీక్లీ యాడ్లు బుధవారం మారి మంగళవారంతో అయిపోతాయి. టార్గెట్ కి, మందుల షాపులు సీవీఎస్, వాల్‌గ్రీన్స్ లకి ఆదివారం. బుధవారం పొద్దున ఒక పావుగంట యాడ్ చూసి, ఇంట్లో ఏం అయిపోవచ్చిందో చూసి, ఆ తర్వాతే కూపన్లు చూడు. ముందు లిస్టు, తర్వాత కూపను. తిరగేసి చేశావో వాడి లిస్టు నువ్వు మోసుకొస్తావు.

అసలు కిటుకు కూపన్ దొరకగానే వాడెయ్యకపోవడం. డేటు ఉన్నంతవరకూ ఆగి, ఆ వస్తువు సేల్ కి వచ్చినప్పుడు కొట్టాలి. ఉదాహరణకి 13 డాలర్ల డిటర్జెంట్ మీద 3 డాలర్ల కూపన్ ఉందనుకో, మామూలు రోజు వాడితే 10. అదే డిటర్జెంట్ 9కి సేల్ పెట్టిన వారం వాడితే 6. ఇలాంటి సామాను కొన్ని వారాలకోసారి తిరిగి తిరిగి సేల్ కి వస్తూనే ఉంటుంది, కాబట్టి ఆఖరి చుక్క దాకా ఆగకుండా ఒక డబ్బా ముందే ఇంట్లో ఉంచుకుంటే మంచి రేటు వచ్చేదాకా ఓపిక పట్టగలవు. క్రోగర్ లో అప్పుడప్పుడు ఒకే డిజిటల్ కూపన్ ఒక్క బిల్లులో 5 సార్లు వాడుకోవచ్చు అని పెడతారు, సబ్బులూ పేస్టులూ అప్పుడు తీసుకో. అక్కడ ఫ్యూయల్ పాయింట్లు కూడా వస్తాయి, డాలర్ కి ఒక పాయింట్, 100 పాయింట్లకి పెట్రోలు గ్యాలన్ మీద 10 సెంట్లు తగ్గుతుంది, ఈ నెల పాయింట్లు వచ్చే నెలాఖరుకి పోతాయి, మర్చిపోకు.

టార్గెట్ లో వాళ్ళ యాప్ లో వచ్చే సర్కిల్ ఆఫర్ మీద కంపెనీ కూపన్ కలపొచ్చు, ఆ పైన వాళ్ళ కార్డు ఉంటే ఇంకో 5 శాతం. కొత్తగా వచ్చావు, క్రెడిట్ హిస్టరీ లేదు కదా, దిగులు పడకు, దాంట్లో డెబిట్ కార్డు కూడా ఉంది, బ్యాంకు ఖాతాకి కలుపుకుంటే అదే 5 శాతం వస్తుంది. మూడు కొంటే గిఫ్ట్ కార్డు అని పెట్టినప్పుడు డైపర్లూ డిటర్జెంట్లూ కొని, ఆ గిఫ్ట్ కార్డుతో తర్వాతి వారం పాలు గుడ్లు తెచ్చుకోవడం నా పద్ధతి. సీవీఎస్ లో పేస్టు, బ్రష్షులు ఒక్కోసారి ఎక్‌స్ట్రాబక్స్ తో, అంటే తర్వాత అక్కడే ఖర్చుపెట్టుకోమని వాళ్ళిచ్చే డబ్బుతో, కలిపి చూస్తే దాదాపు ఊరికే వచ్చినట్టే ఉంటాయి, అయితే ఆ బక్స్ కి గడువుంటుంది, దాన్ని ఖర్చుపెట్టాలని మళ్ళీ ఇంకేదో కొంటే వాడు గెలిచినట్టు. ఆ రసీదు పొడుగు మాత్రం చీర కొంగంత ఉంటుంది.

బిల్లు ఫోటో తీస్తే డబ్బు వెనక్కిచ్చే యాప్లు కూడా ఉన్నాయి, ఐబోటా, ఫెచ్ లాంటివి. ఐబోటాలో ఆఫర్లు ముందే ఎంచుకుని కొని రసీదు పెడితే డబ్బు చేరుతుంది, 20 డాలర్లు అయ్యాక తీసుకోవచ్చు. ఊరికే ఎవడూ ఇవ్వడు, మనం ఏం తింటున్నామో ఏం తోముకుంటున్నామో అంతా వాళ్ళకి తెలుస్తుంది, అది ఇష్టం లేకపోతే మానెయ్యి, పెద్ద నష్టమేం లేదు.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెబుతా విను. వాట్సాప్ గ్రూపుల్లో ఫలానా స్టోర్ 75 డాలర్ల కూపన్ అందరికీ ఫ్రీ అని బొమ్మలు తిరుగుతుంటాయి, ముట్టుకోకు. కూపన్ జిరాక్స్ తియ్యడం, స్కాన్ అవుతుంది కదా అని వేరే వస్తువు మీద వాడటం, సెల్ఫ్ చెకౌట్ లో ఎవరూ చూడట్లేదని అలాంటివి చెయ్యడం, ఇవన్నీ మోసం కిందకే వస్తాయి. వర్జీనియా బీచ్ లో ఒకావిడ ఇంట్లో దొంగ కూపన్లు తయారుచేసి అమ్మితే కంపెనీలకి 3 కోట్ల డాలర్ల పైనే నష్టం అని తేలి 2021లో 12 ఏళ్ళ జైలు వేశారు. మనం వీసా మీద ఉన్నవాళ్ళం, రెండు డాలర్ల షాంపూ కోసం పేరు మీద కేసు తెచ్చుకునే పని పెట్టుకోవద్దు. కూపన్ మీద రాసింది చదువు, పర్ పర్చేజ్ అంటే ఒక్కో వస్తువుకి ఒకటి, పర్ ట్రాన్సాక్షన్ అంటే బిల్లు మొత్తానికి ఒకటే. నిజమైన కూపన్ స్కాన్ అవ్వకపోతే గొడవ పడకు, కస్టమర్ సర్వీస్ డెస్కు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడుగు, చాలాసార్లు సరిచేస్తారు. సేల్ లో పెట్టిన సరుకు అయిపోయి ఉంటే అక్కడే రెయిన్ చెక్ అడుగు, అది చీటీ, ఇచ్చే స్టోర్లలో సరుకు వచ్చాక ఆ సేల్ రేటుకే ఇస్తారు.

కూపన్ ఉన్నదే చవక అనుకోకు. షెల్ఫ్ మీద రేటు పక్కన చిన్నగా ఔన్సుకి ఎంతో రాసి ఉంటుంది, అది చూడటం అలవాటు చేసుకో. బ్రాండు ఓట్స్ కి డాలర్ కూపన్ వాడాక కూడా పక్కన స్టోర్ సొంత బ్రాండు ఇంకా తక్కువ ఉంటుంది చాలాసార్లు. ఫోన్ నోట్స్ లో మీరు తరచూ కొనే ఓ పది పదిహేను వస్తువుల పేర్లు రాసుకుని, ఎక్కడ ఎప్పుడు తక్కువ చూశావో పక్కన వేసుకుంటూ పో, రెండు మూడు నెలలకి ఏది నిజం సేలో ఏది ఉత్త స్టిక్కరో నీకే తెలిసిపోతుంది. ఆల్డీలో కంపెనీ కూపన్లు తీసుకోరు, అయినా పాలు గుడ్లు వెన్న అక్కడ చవగ్గానే ఉంటాయి, అక్కడ బండి తీసుకోవడానికి క్వార్టర్, అంటే 25 సెంట్ల నాణెం, ఒకటి పర్సులో ఉంచుకో. కాస్ట్కోలో కూడా కంపెనీ కూపన్లు చెల్లవు, వాళ్ళ నెల పుస్తకంలో తగ్గింపులు క్లిప్ చెయ్యకుండానే బిల్లులో పడతాయి. మెంబర్షిప్ ఏడాదికి 65 డాలర్లు, దాంట్లోనే అల్లుడికీ కార్డు ఇస్తారు. నూనె, బాదం, జీడిపప్పు అక్కడ బాగుంటాయి, కొత్తిమీరా పాలకూరా అంత పెద్ద సంచి మాత్రం ఇద్దరికి వద్దు, కుళ్ళబెట్టి పారేస్తావు.

నెయ్యి సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. సీసా నెయ్యి కొనకు. థాంక్స్ గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా ఇక్కడ వాళ్ళు కేకులూ కుకీలూ చేసుకుంటారు కాబట్టి వెన్న, పంచదార, మైదా అన్నీ బాగా తగ్గుతాయి, వెన్న మీద కూపన్లూ వస్తాయి. అప్పుడు అన్‌సాల్టెడ్ వెన్న పౌన్ల లెక్కన తెచ్చి ఫ్రీజర్ లో పెట్టుకో, నెలల తరబడి చెక్కుచెదరదు. ఇక్కడి వెన్నలో రూలు ప్రకారం కనీసం 80 శాతం కొవ్వు ఉండాలి, కాబట్టి పౌను కాస్తే సుమారు 360 గ్రాముల నెయ్యి దిగుతుంది, సీసా రేటుతో లెక్కేసి చూడు. సన్నని సెగ మీద, మూత పెట్టకుండా, చివర్లో రెండు తమలపాకు ముక్కలు వెయ్యి, అది మీ అమ్మమ్మ పద్ధతి. వంట అయ్యేటప్పుడు స్మోక్ అలారం మోగకుండా ఫ్యాన్ వేసుకో, అపార్ట్‌మెంట్ కదా.

బియ్యానికి మన ఇండియన్ స్టోర్లే గతి, వాళ్ళకి కూపన్లు లేకపోయినా వీకెండ్ ఫ్లయర్ ఉంటుంది, సంక్రాంతికి ఉగాదికి దీపావళికి బస్తా రేటు తగ్గిస్తారు. 2023 జులైలో ఇండియా నుంచి బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇక్కడ మనవాళ్ళు స్టోర్ల ముందు బారులు తీరి, ఎన్ని దొరికితే అన్ని బస్తాలు మోసుకెళ్ళారు, రేట్లు ఎగిరాయి, కొన్ని చోట్ల మనిషికి ఒక్కటే అన్నారు. 2024 సెప్టెంబర్లో ఆ నిషేధం తీసేశారు. అప్పుడు ఇబ్బంది పడనిది ఎవరయ్యా అంటే వాడే బస్తా కాక ఇంకో బస్తా ముందే సేల్ లో తెచ్చి పెట్టుకున్నవాళ్ళు. నువ్వూ ఒకటి అదనంగా ఉంచు, ఒకటే, గదంతా గోడౌన్ చెయ్యకు, పురుగు పడుతుంది.

పన్ను సంగతి కూడా చూసుకో, టెక్సస్ లో బియ్యం పప్పు కూరలు పాలకి సేల్స్ టాక్స్ లేదు, సబ్బులూ పేపర్ టవల్సూ కూల్‌డ్రింకులకి మన వైపు 8.25 శాతం పడుతుంది. ఇదంతా చదివి నాలుగు స్టోర్లు తిరగడం మొదలుపెట్టకు, ఈ ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ఇరవై నిమిషాల డ్రైవు, పెట్రోలు ఖర్చు ఎవరు లెక్కేస్తారు. వారానికి ఒక పెద్ద స్టోరు, ఒక ఇండియన్ స్టోరు, చాలు. అల్లుడిని బండి తొయ్యడానికి తీసుకెళ్ళు, స్నాక్స్ ఐల్ లోకి ఒంటరిగా పంపకు.

పేస్టు, డిష్ సోప్, హ్యాండ్ వాష్ ఈ నెల కొనకు. మా గరాజ్ లో ఉన్నాయి, ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ఒక సంచి తెచ్చుకో.

మీ పెద్దమ్మ