సంతకానికి ముందు నవల మీదే, తరువాత ఎవరిది?

ప్రశ్న: ఒంగోలులో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని. ఆరేళ్లు కష్టపడి చీరాల చేనేత కుటుంబం మీద నవల రాశాను. ఇదే నా మొదటి పుస్తకం. నాలుగు ప్రచురణ సంస్థలకు పంపితే మూడు సంస్థల నుంచి బదులే లేదు. హైదరాబాదులోని నాలుగో సంస్థ ఒప్పందం పంపింది. నేను 85,000 రూపాయలు ఇవ్వాలి, వారు 500 ప్రతులు వేస్తారు. నవలపై సర్వహక్కులూ శాశ్వతంగా వారివి. నాకు 10 శాతం రాయల్టీ. ఇకపై రాసే మూడు పుస్తకాలు ముందుగా వారికే ఇవ్వాలి. వరుసలో చోటు ఉంచుతామంటే ఫోను ద్వారా 10,000 పంపాను కానీ సంతకం ఇంకా చేయలేదు. మరొకాయన తాను లిటరరీ ఏజెంటునని, ఆంగ్లానువాదం, సినిమా హక్కులు అమ్మిపెడతానని అంటున్నారు. అందుకు 25,000 రూపాయల రుసుము, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడుగుతున్నారు. కాపీరైట్ రిజిస్టర్ చేయించకుండానే రాతప్రతిని అందరికీ పంపాను. ఎవరైనా కాజేస్తే నాకు దిక్కేమిటి?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, సంతకం ఇంకా చేయలేదన్న మాట చదివాక నా ప్రాణం కుదుటపడింది. మీరు దొంగలకు భయపడుతున్నారు. నా అనుభవంలో తొలి రచయితల నవలలు దొంగల చేతికి పోయింది చాలా తక్కువ. ఎక్కువ భాగం వారు చదవకుండా పెట్టిన సంతకంతోనే పోయాయి. అందుకే మీ భయానికి క్లుప్తంగా జవాబు చెప్పి, ఆ ఒప్పందం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ వల్ల పుట్టదు. మీరు రాసిన క్షణానే పుడుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం రచనకు తొలి యజమాని రచయితే. మీ జీవితకాలమంతా, ఆ తరువాత మరో 60 ఏళ్లు మీ వారసులకు ఆ హక్కు ఉంటుంది. అయితే రిజిస్ట్రేషన్ దండగ అని అనుకోకండి. సెక్షన్ 48 ప్రకారం రిజిస్టరులోని నమోదు, ఎదుటివారు తప్పని చూపేవరకు కోర్టులో నిలిచే సాక్ష్యం. అచ్చు కాని రచననూ నమోదు చేయించవచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తరువాతే పరిశీలన మొదలుపెడతారు. సినిమా వాళ్ల చేతికి కథ వెళ్లే అవకాశం ఉంది కాబట్టి ఆ 500 ఖర్చు పెట్టమనే చెబుతాను. రాతప్రతిని తమకే పోస్టులో పంపుకుని, కవరు విప్పకుండా బీరువాలో దాచుకునే అలవాటు మన రచయితల్లో ఇప్పటికీ ఉంది. దాని మీద ఆశ పెట్టుకోకండి. మీ పాత చిత్తుప్రతులు, తేదీలున్న కంప్యూటర్ ఫైళ్లు, సంస్థలకు మీరు పంపిన ఈ-మెయిళ్లు అంతకంటే గట్టి ఆధారాలు. వాటిలో ఒక్కటీ చెరపవద్దు.

ఒక హద్దు మాత్రం తెలిసి ఉండాలి. చట్టం కాపాడేది మీరు రాసిన రూపాన్ని, ఆలోచనను కాదు. ఆర్.జి.ఆనంద్, డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. మగ్గం అమ్ముకున్న ఇంటి కథ రేపు మరొకరు రాస్తే మీరు ఆపలేరు. మీ సన్నివేశాలను, సంభాషణలను, పాత్రల అల్లికను ఎత్తి రాస్తే ఆపగలరు. ఉల్లంఘన దావాను ఒంగోలులోని జిల్లా కోర్టులోనే వేయవచ్చు. వాది నివసించే చోట దావా వేసే వెసులుబాటు సెక్షన్ 62 ఇచ్చింది. హైదరాబాదు చుట్టూ తిరిగే బాధ మీకు లేదు. ఇకపై ఎవరికి పంపినా కథాసారాంశం, మొదటి మూడు అధ్యాయాలు చాలు. మిగతాది వారు అడిగినప్పుడు పంపండి.

ఇక ఒప్పందానికి వద్దాం. డబ్బు పెట్టి పుస్తకం వేయించుకోవడం నేరం కాదు, నామోషీ అంతకన్నా కాదు. తెలుగులో ఎందరో మంచి రచయితలు సొంత ఖర్చుతో 500, 1000 ప్రతులు వేసుకుని మిత్రుల ద్వారా అమ్ముకున్నవారే. కానీ అప్పుడు అవతలివారు చేసేది ముద్రణ సేవ. కాగితం, డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, అచ్చు అన్నిటికీ డబ్బు మీది. పుస్తకం పోతే పోయేది మీ డబ్బే. అలాంటప్పుడు హక్కులు వారికి ఎందుకు రాసివ్వాలి? హక్కు అడిగే ప్రచురణకర్త పెట్టుబడి తాను పెట్టాలి. పెట్టుబడి మీ చేత పెట్టిస్తే హక్కు అడగకూడదు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలిపితే అది మీకు అన్యాయమే.

ఈ లెక్క మీరే వేసి చూడండి. పుస్తకం ధర 250 అనుకుందాం. ముఖవిలువ మీద 10 శాతమంటే ప్రతికి 25 రూపాయలు. 500 ప్రతులూ అమ్ముడైనా మీకొచ్చేది 12,500. పెట్టింది 85,000. పైగా ఆ 10 శాతం దేని మీదో మీరు రాయలేదు. నికర రాబడి మీద అని ఒప్పందంలో ఉంటే, పుస్తకాల దుకాణాలకిచ్చే 40 శాతం కమిషన్ తీసేయగా మిగిలిన 150 మీద లెక్క కడతారు. అప్పుడు ప్రతికి 15, మొత్తం 7,500. ఖర్చులన్నీ రాబట్టుకున్నాకే రాయల్టీ అన్న వాక్యం కూడా ఉంటే ఆ 7,500 కూడా చేతికి రాదు. ఆ పేరాను ఈ రాత్రే మళ్లీ చదవండి.

అన్నిటికంటే ప్రమాదమైన మాట ‘శాశ్వతంగా’. చట్టం రాయనిచోట రచయిత పక్షాన నిలబడుతుంది, రాసినచోట రాసినదాన్నే అమలు చేస్తుంది. హక్కుల బదలాయింపులో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లేనని సెక్షన్ 19 చెబుతోంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే ఆ బదలాయింపు రద్దయినట్టే. ఇవన్నీ మీకు ఉచితంగా దొరికిన రక్షణలు. ‘శాశ్వతంగా’ అన్న ఒక్క పదం మొదటిదాన్ని తీసేస్తుంది. ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్నది రెండోదాన్ని తీసేస్తుంది. ‘సెక్షన్ 19(4) ఈ ఒప్పందానికి వర్తించదు’ అని చివరి పేజీల్లో ఎక్కడో చిన్న వాక్యం ఉంటుంది, అది మూడోదాన్ని తీసేస్తుంది. ఆ నంబరు చూసి ఇదేదో లాంఛనమని దాటేస్తారు. దాటేయకండి. అది ఉంటే పుస్తకం వేయకుండా పదేళ్లు అట్టిపెట్టుకున్నా, ఏడాది గడిచింది కాబట్టి నా హక్కు నాకు తిరిగొచ్చిందని మీరు అనలేరు.

‘సర్వహక్కులు’ అన్నదాంట్లో ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ కొట్టుకుపోతాయి. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. తన నవలను సినిమాగా తీస్తామని నిర్మాత కబురు పంపితే, ఒప్పందం కోసం వెతికి తీసి చూశారట. సినిమా హక్కు తనది కాదని ఆయనకు తెలిసింది ఆ రోజే. ఆ కాగితం చదువుతున్నప్పుడు ఆయన ముఖం నేను మరచిపోలేదు. 2012 సవరణ తరువాత, ఒప్పందం రాసేనాటికి లేని మాధ్యమాలు పేరు పెట్టి రాస్తే తప్ప బదలాయింపులోకి రావు. కానీ ఆడియో, వెబ్ సిరీస్ ఈనాడు ఉన్నవే కాబట్టి ఆ సవరణ మీకు అక్కరకు రాదు.

సరే, ఏమి రాయించాలి? హక్కులు బదలాయించకండి, లైసెన్సు ఇవ్వండి, అంటే హక్కు మీ దగ్గరే ఉంచుకుని వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వండి. ఇలా రాస్తే చాలు: ‘ఈ నవలను తెలుగులో ముద్రిత పుస్తకంగా ప్రచురించే హక్కును మాత్రమే, భారతదేశం వరకు, ఈ తేదీ నుంచి మూడేళ్లపాటు లైసెన్సుగా ఇస్తున్నాను. మిగతా హక్కులన్నీ రచయిత్రి వద్దే ఉంటాయి.’ దాని కింద ప్రతుల సంఖ్య, పుస్తకం వెలువడాల్సిన తేదీ, ముఖవిలువ మీద రాయల్టీ, ఏడాదికి రెండుసార్లు లెక్కలు, ప్రెస్సు బిల్లు నకలు ఇవ్వాలన్న షరతు చేర్చండి. బిల్లు నకలు అడగడానికి మొహమాటపడకండి. ఎన్ని ప్రతులు అచ్చయ్యాయో మీకు తెలిసే దారి అదొక్కటే. తరువాతి మూడు పుస్తకాల షరతును పూర్తిగా కొట్టేయించండి. మొదటి పుస్తకం ఎలా వేస్తారో చూడకుండా నాలుగో పుస్తకం గురించి మాట ఎందుకివ్వాలి?

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) కోసమని ఆ 85,000లో కొంత చూపించి ఉంటే అది కూడా అడగండి. మన దేశంలో ఆ నంబరును కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా ప్రచురించుకునే రచయితలూ దరఖాస్తు చేయవచ్చు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాల్సిన బాధ్యత ప్రచురణకర్తదే, అదీ సొంత ఖర్చుతోనే.

మీ పేరు విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండండి. హక్కులన్నీ అమ్మేసినా, రచయితగా మీ పేరు నిలుపుకునే హక్కు, మీ గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే ప్రశ్నించే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద మీకే మిగులుతాయి.

ఏజెంటు సంగతికి వస్తే, లండన్, న్యూయార్క్ నగరాల్లో ఏజెంటు లేకుండా పెద్ద ప్రచురణ సంస్థ గడప తొక్కడం కష్టం. మన దేశంలో కొద్దిమంది ఉన్నా వారి పని ఎక్కువగా ఆంగ్ల పుస్తకాలతోనే. తెలుగు ప్రచురణలో రచయిత నేరుగా ప్రచురణకర్తతో మాట్లాడుకోవడమే ఆనవాయితీ. కాబట్టి ఏజెంటు లేరని దిగులు పడాల్సిన పని లేదు. నిజమైన ఏజెంటు ముందుగా రుసుము అడగడు. పుస్తకం అమ్ముడై మీకు డబ్బు వచ్చినప్పుడు అందులోంచి వాటా తీసుకుంటాడు. ఆ వాటా సాధారణంగా 15 శాతం, విదేశీ అనువాద హక్కులకు కొంత ఎక్కువ. 25,000 ముందే చేతిలో పడితే మీ నవల అమ్మాల్సిన అవసరం ఆయనకు ఏముంటుంది?

జనరల్ పవర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. కాపీరైట్ బదలాయింపు మీద రచయిత గానీ, రచయిత అధికారమిచ్చిన ఏజెంటు గానీ సంతకం చేస్తే చెల్లుతుంది. ఆ కాగితం చేతిలో ఉంటే మీకు కబురైనా లేకుండా మీ సినిమా హక్కు చేతులు మారవచ్చు. ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు నిజమే, కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 203 ప్రకారం, అతడు దాన్ని వాడకముందే తీసుకోవాలి. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉందని రాసిచ్చి ఉంటే సెక్షన్ 202 అడ్డొచ్చి, మీరు ఒక్కరే రద్దు చేయడం కష్టమవుతుంది. ఆయన నిజంగా పనిమంతుడైతే ఒక చిన్న ఉత్తరం చాలు: ఏడాది గడువు, సంభాషణ జరిపే అధికారం మాత్రమే, ప్రతి ఒప్పందం మీదా మీ సంతకం, డబ్బు నేరుగా మీ ఖాతాకు. దీనికి ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వదిలేయండి.

చివరిగా ఆ 10,000. సవరించిన ఒప్పందానికి సంస్థ అంగీకరిస్తే ఆ మొత్తాన్ని బిల్లులో చూపమనండి. అంగీకరించకపోతే, ఒప్పందం కుదరలేదు కాబట్టి 15 రోజుల్లో డబ్బు వాపసు చేయాలని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చెల్లింపు రసీదు, వారితో జరిగిన సందేశాలు తీసి ఉంచండి. కోర్టులో వాటిని చూపడానికి 2023 నాటి భారతీయ సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి ఫోను మార్చవద్దు. బదులు రాకపోతే, మీరు ఒంగోలులో నివసిస్తున్నారు కనుక ప్రకాశం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు మొత్తానికి కోర్టు రుసుము లేదు. ఇది వ్యాపార ప్రయోజనమని అవతలివారు వాదించవచ్చు. బడిలో పాఠాలు చెప్పుకునే మీరు తొలి నవలను 500 ప్రతులు వేయించుకోవడం వ్యాపారం కాదని గట్టిగా జవాబు చెప్పవచ్చు. డబ్బు పంపిన తేదీని ఆ ఒప్పందం కాగితం మీదే రాసిపెట్టుకోండి, రెండేళ్ల గడువు లెక్కకు అది పనికొస్తుంది.