ట్యాలీలో ‘కుడ్ నాట్ సెట్ ఎస్‌వీ కరెంట్ కంపెనీ’ అని వస్తే ఆ లైను మాత్రం తీసేయకండి

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. బిల్లులు వేరే సాఫ్ట్‌వేర్‌లో కొట్టి, అక్కడి నుంచి ఎక్స్‌ఎంఎల్ ఫైలు (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి డేటా పంపే ఫైలు) తీసి, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ప్రైమ్‌లోకి ఇంపోర్ట్ చేస్తున్నారు. మార్చి దాకా ఏ పేచీ లేదు. ఏప్రిల్ వచ్చేసరికి ‘కుడ్ నాట్ సెట్ ఎస్‌వీ కరెంట్ కంపెనీ టు ఫలానా ట్రేడర్స్’ అంటూ ఆగిపోతోంది. ఫైల్లో కంపెనీ పేరున్న ఆ లైను డిలీట్ చేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు, చేయొచ్చా అని అడిగారు.

చేయొద్దండి. చేస్తే ఇంపోర్ట్ అయిపోతుంది, అదే అసలు తంటా. ఈ బిల్లులు ఏ కంపెనీలోకి వెళ్లాలో చెప్పేది ఆ లైనే. అది లేకపోతే ఆ క్షణాన ట్యాలీలో ఏ కంపెనీ సెలెక్ట్ అయి ఉంటే దాంట్లోకి మొత్తం పోసేస్తుంది.

నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి లెక్కలు రాస్తాను. ఒక కొట్టులో తండ్రి పేరున ఒక ఫర్మ్, కొడుకు పేరున ఒకటి, రెండూ ఒకే కంప్యూటర్‌లో తెరిచి ఉంటాయి. సీజన్‌లో మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతుంటే ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల మనిషి ఫోన్‌లో ఇదే సలహా ఇస్తే గుమస్తా ఆ లైను తీసేశాడు. తండ్రి బిల్లులన్నీ కొడుకు ఖాతాలో పడ్డాయి. పదకొండో తారీఖు లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేయాలని కూర్చుంటే తండ్రి ఫర్మ్‌లో సేల్స్ సగం కూడా లేవు. అలాగే ఫైల్ చేసి ఉంటే కొన్నవాళ్ల జీఎస్టీఆర్-2బిలో (వాళ్ల కొనుగోళ్లు చూపించే స్టేట్‌మెంట్‌లో) వేరే జీఎస్టీ నంబరు మీద కనిపించేవి. అప్పుడు ఫోన్లు ఎలా వస్తాయో మీకు చెప్పక్కర్లేదు. చివరికి కొడుకు ఫర్మ్‌లో డే బుక్ (రోజువారీ ఎంట్రీల జాబితా) తెరిచి, బిల్లు నంబర్లు చూసుకుంటూ స్పేస్‌బార్‌తో సెలెక్ట్ చేసి, ఆల్ట్ డి కొట్టి తీసేయాల్సి వచ్చింది.

ఇక మీ సంగతి. ముందు ఎఫ్3 నొక్కి ఆ కంపెనీ అసలు తెరిచి ఉందో లేదో చూడండి. ఫైల్లో ఉన్న కంపెనీ తెరవకపోయినా ఇదే మెసేజ్ వస్తుంది. తెరిచే ఉంటే, పేరులో తేడా అన్నమాట.

ఇక్కడ చాలామంది బిల్లు మీద ప్రింట్ అయిన పేరు చూసి ‘రెండూ ఒకటేగా’ అంటారు. బిల్లు మీదికి వచ్చేది మెయిలింగ్ నేమ్. ట్యాలీ పోల్చేది కంపెనీ నేమ్‌తో. ఆల్ట్ కె నొక్కి ఆల్టర్‌లోకి వెళ్తే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ‘అండ్’ అని ఒకచోట, & గుర్తు ఇంకోచోట; ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఒకచోట, పొట్టి రూపం ఇంకోచోట. ఇలాంటివే ఉంటాయి.

మీకు సరిగ్గా ఏప్రిల్‌లోనే మొదలైందంటే నా అనుమానం వేరు. కొత్త ఆర్థిక సంవత్సరం కదా అని ఎవరో కంపెనీ పేరు చివర సంవత్సరం తగిలించి ఉంటారు, లేదా డేటా స్ప్లిట్ చేసి (పాత ఏడాది, కొత్త ఏడాది లెక్కలు విడగొట్టి) ఉంటారు. స్ప్లిట్ చేస్తే కొత్త కంపెనీ పేరు పక్కన ‘ఫ్రమ్ 1 ఏప్రిల్’ అంటూ ట్యాలీయే తోక తగిలిస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా పాత పేరే పంపుతూ ఉంటుంది. స్ప్లిట్ చేశాక పాత కంపెనీ కూడా అలాగే ఉంటుంది కాబట్టి, అది తెరిచి ఉంటే ఏ ఎర్రరూ రాకుండా బిల్లులు దాంట్లోకి పోతాయి. మెసేజ్ వచ్చినందుకు సంతోషించాలి మీరు. అసలు ఏటేటా కొత్త కంపెనీ పెట్టాల్సిన పనే లేదు, ఆల్ట్ ఎఫ్2తో పీరియడ్ మార్చుకుంటే చాలు. మా యార్డులో ఎన్ని చెప్పినా కొత్త పుస్తకానికి పసుపు రాసే అలవాటు ట్యాలీకీ పట్టింది.

సరిచేయాల్సింది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో. దాని సెట్టింగ్స్‌లో ట్యాలీ కంపెనీ పేరు అడిగే గడి ఉంటుంది. ఆల్టర్ స్క్రీన్‌లో కంపెనీ నేమ్ ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే పెట్టి ఫైలు మళ్లీ తీయండి. గడి లేకపోతే ఫైలుకి కాపీ తీసుకుని, నోట్‌ప్యాడ్‌లో ‘ఎస్‌వీ కరెంట్ కంపెనీ’ ట్యాగుల మధ్య ఉన్న పేరు మాత్రమే మార్చండి. మీ పేరులో & ఉంటే దాని వెనక ఏఎంపీ అనే అక్షరాలూ సెమీకోలనూ కనిపిస్తాయి. ఎక్స్‌ఎంఎల్‌లో అది అలాగే ఉండాలి, చెరపొద్దు.

ఇంపోర్ట్ కొట్టే ముందు ఆల్ట్ వైలో బ్యాకప్ తీసుకోండి. ముందు మాస్టర్స్ (లెడ్జర్లు, సరుకుల పేర్లు), తర్వాత ట్రాన్సాక్షన్స్ (బిల్లులు) ఇంపోర్ట్ చేయండి. ఈ వరస తప్పితే ‘లెడ్జర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని ఇంకో పాట అందుకుంటుంది. మొదటిసారి ఒక్క రోజు బిల్లులతో ప్రయత్నించి, డే బుక్‌లో మొత్తం సరిపోయిందో లేదో చూసుకోండి.

అప్పటికీ ఆగితే మెసేజ్‌లో కనిపించే పేరు, ఆల్టర్ స్క్రీన్‌లో ఉన్న కంపెనీ నేమ్, రెండూ ఉన్నదున్నట్టు ఇక్కడ టైప్ చేసి పెట్టండి, చూస్తాను. జీఎస్టీ నంబరు, పార్టీల పేర్లు మాత్రం పెట్టకండి.