అక్టోబరు లోపల కప్పు పడాలి

సోంపేట,
మార్గశిర మాసం

చిన్నమ్మాయికి, అల్లుడు బాబుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ జీడితోటలో కట్టబోయే ఇంటికి మీరు ఫోనులో పంపిన గీత చూశాను. రెండు గదులు, మీద అటక, తూర్పున 8 అడుగుల అద్దాల కిటికీ, ముందు పొడుగాటి వసారా. మేస్త్రిని పెట్టకుండా ఇద్దరమే కట్టుకుంటామని కింద రాశారు. అద్దాల కిటికీ చూసి మీ పెదనాన్న నవ్వారు. నేను నవ్వలేదు. 1988లో ఈ ఇల్లు కట్టేటప్పుడు నేను ఇంతకంటే విడ్డూరాలు అడిగాను. ఆ సంగతి ఆయన మరిచిపోయినట్టున్నారు.

కట్టుకోండి. వద్దని చెప్పడానికి రాయడం లేదు. ఫోనులో చెబితే సగమే చెవిన పడుతుంది. కాగితమైతే తోటలో ఏ రాయి కిందో పెట్టుకుని మళ్లీ చదువుకోవచ్చు.

ముందు మూడు తేదీలు రాసి గోడకు అంటించుకోండి. గోడ లేదు కాబట్టి జీడిచెట్టుకు అంటించుకోండి. 2013 అక్టోబరు 12, ఫైలిన్. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. 2018 అక్టోబరు 11, తిత్లీ. మొదటిది గోపాల్‌పూర్ దగ్గర, రెండోది విశాఖలో, మూడోది మన పలాస దగ్గరే తీరం దాటాయి. తిత్లీ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. ఆ రోజు మీరు హైదరాబాదులో టీవీ ముందున్నారు. మేము తెల్లవారుజామున మంచం కింద దూరి, పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరుగుతుంటే లెక్కపెట్టాం. మీ తోట సముద్రానికి మాకంటే దగ్గర. మీ కొత్త ఇల్లు చూడటానికి చుట్టాలకంటే ముందు అక్టోబరు వస్తుంది.

అందుకని లెక్క వెనక నుంచి వేసుకోండి. ధనుర్మాసంలో ఎలాగూ కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోయరు. సంక్రాంతి వెళ్లగానే పునాది, శివరాత్రికి బేస్‌మట్టం, అంటే గోడలు మొదలయ్యే ఎత్తు, ఉగాది అయ్యాక గోడలు, మృగశిర కార్తెకు కప్పు. ఇద్దరు మనుషులు, అదీ ఎప్పుడూ తాపీ పట్టని వాళ్లు, ఈ లెక్క తప్పకుండా తప్పుతారు. తప్పితే సెప్టెంబరు వరకు వెసులుబాటు ఉంది, ఆ తరువాత లేదు. ఉగాదికి ఇంకా పునాదిలోనే ఉంటే బేస్‌మట్టం దగ్గర ఆపేసి, మీద తాటాకులు కప్పి, మరుసటి సంక్రాంతి దాకా ఊరుకోండి. గోడలు లేపి కప్పు లేకుండా మాత్రం వదలొద్దు. పైన పట్టుకునేది ఏదీ లేని ఒంటి గోడను తుఫాను దాకా ఆగకుండా మామూలు ఈదురుగాలే తోసేస్తుంది.

రెండు గదులు వద్దు, అటక అసలే వద్దు. ఒకే గది, 12 అడుగులకు 16. ఇంతే ఎందుకంటే, ఈ కొలతకు మూల నుంచి మూలకు తాడు పట్టుకుంటే సరిగ్గా 20 అడుగులు వస్తుంది. రెండు వైపులా 20 వచ్చిందంటే నాలుగు మూలలూ మూలమట్టానికి ఉన్నట్టే. మూడు, నాలుగు, అయిదు లెక్క మీకు బడిలోనే చెప్పారు, ఇప్పుడు అక్కరకొస్తుంది. ముగ్గు పోసే రోజు మీ ఇద్దరూ చెరొక కొస పట్టుకుని ఆ రెండు కొలతలూ చూడండి. అంగుళం తేడా వస్తే మేకు పీకి మళ్లీ పాతండి. నేలమీద వదిలేసిన అంగుళం కప్పు దగ్గరికి వచ్చేసరికి మిమ్మల్ని ఏడిపిస్తుంది. వాసాలు ఒక పక్క చాలవు, ఇంకో పక్క మిగులుతాయి.

గదికంటే ముందు మరుగుదొడ్డి కట్టండి. ఇది హాస్యానికి చెప్పడం లేదు. నెలల తరబడి తోటలో ఉంటారు, అమ్మాయికి అది మొదటి అవసరం. పైగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పులన్నీ ఆ నాలుగు అడుగుల గోడల్లోనే అయిపోతాయి. మా మరుగుదొడ్డి గోడ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అమ్మాయీ, నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. అది మీ పెదనాన్న మొదటి గోడ. గుంత మాత్రం బావికి 50 అడుగులకు తక్కువ కాకుండా చూడండి. మన ఇసుక నేలలో గుంతలోని నీరు తొందరగా ఇంకిపోయి బావి వైపు నడుస్తుంది.

పునాది గురించి ఎక్కువ చెప్పను. ఇసుక నేల కాబట్టి గట్టి పొర తగిలే దాకా తవ్వండి, మూడు అడుగులకు తగ్గొద్దు. అడుగున నీళ్లు పోసి దిమ్మిస కొట్టి, వెడల్పుగా రాయి పరచండి. బేస్‌మట్టం నేలకు రెండు అడుగుల ఎత్తున ఉండాలి. ఇసుక మహేంద్రతనయదో బాహుదాదో తెప్పించండి. సముద్రం ఒడ్డు ఇసుక పక్కనే ఊరికే దొరుకుతుంది కదా అనిపిస్తుంది. అందులో ఉప్పు ఉంటుంది, అది చువ్వను తినేస్తుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. బావి నీళ్లు ఉప్పగా ఉన్నా అంతే. నాలుక మీద వేసుకుని చూడండి.

మట్టి గోడలే కావాలని అమ్మాయి పట్టుబడుతోందట. మంచిదే, వేసవిలో చల్లగా ఉంటాయి. అయితే మీ తోటలో మట్టి అంతా ఇసుకే. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక అడుగున, సన్నది దాని మీద, బంకమన్ను అన్నిటికంటే పైన పొరలుగా తేరుకుంటాయి. బంకమన్ను పొర కాగితం మందంలో ఉంటే చెరువు మట్టి తెచ్చి కలపాల్సిందే. చేత్తో ఉండచేసి నడుము ఎత్తు నుంచి కింద పడేయండి. పిండిలా రాలితే బంక చాలదు, ముద్దలా అతుక్కుంటే ఎక్కువైంది. వందపాళ్ల మట్టికి 7, 8 పాళ్ల సిమెంటు కలిపి అచ్చు దిమ్మెలు పోసుకుంటే వానకు కరగవు. నీడన పెట్టి, గోనె కప్పి, నీళ్లు చల్లుతూ మూడు వారాలు ఆగాకే గోడకు ఎత్తండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీని మీద నేనూ మీ పెదనాన్నా ముప్పై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. మట్టి గోడ తడవకూడదంటే చూరు బాగా బయటికి రావాలి. చూరు బయటికి వచ్చిన కొద్దీ గాలి దాని కిందికి దూరి కప్పును ఎత్తేస్తుంది. మట్టి ఒకటి అడుగుతుంది, గాలి ఇంకొకటి అడుగుతుంది. మన పెద్దలు చుట్టిల్లు కట్టి దీనికి జవాబు చెప్పారు. గోడ గుండ్రం, గాలికి అడ్డు నిలిచే మూల లేదు. తాటాకు చూరు దాదాపు నడుము ఎత్తుకు దిగుతుంది, కిందికి గాలి దూరే సందు లేదు. మా అమ్మమ్మ గారి చుట్టింట్లోకి వంగి వెళ్లాల్సి వచ్చేది. అందరూ దాన్ని వినయం అనేవారు, నాకు మాత్రం నుదురు బొప్పి కట్టేది.

మీరు చుట్టిల్లు కట్టరు, కప్పుకు తాటాకు ఏటా ఎవరు మారుస్తారు? అందుకని మా ఇంటి సంగతి చెబుతాను. మొదట గది వాసాలనే సాగదీసి వసారా మీదికి దించాం. ఒకే వాలు, చూడటానికి అందంగా ఉండేది. ఫైలిన్ వచ్చిన రాత్రి గాలి వసారా కిందికి దూరి దాన్ని ఎత్తింది. వసారా తానొక్కటే పోలేదు, అదే వాసాలు కదా, గది కప్పును కూడా సగం దాకా చీల్చుకుపోయింది. మళ్లీ కట్టినప్పుడు మీ పెదనాన్న పాత పద్ధతిలోనే కడతామన్నారు. నేను ఒప్పుకోలేదు. వసారాకు వేరే కప్పు, వేరే గుంజలు, గోడకు ఆనించి కాస్త కిందుగా వేయించాను. అయిదేళ్లకు తిత్లీ వచ్చింది. వసారా పెంకులూ బద్దలూ తెల్లారేసరికి పక్కింటి దొడ్లో ఉన్నాయి. గది కప్పు గదిమీదే ఉంది. మీ గీతలో ఉన్నది మా పాత వసారాయే బాబూ. దాన్ని కొట్టేసి వేరుగా గీయండి. వాన కొట్టే వైపు గోడను ఆ వసారాయే తడవకుండా చూసుకుంటుంది. గది చూరు అడుగున్నరకు మించక్కర్లేదు.

గది కప్పుకు నాలుగు వైపులా వాలు పెట్టండి. రెండు వాలుల కప్పుకు పక్కన లేచే ముక్కోణపు గోడ గాలికి మొదట పడుతుంది. వాలు ఎంత అంటే, గోడ నుంచి కప్పు నడినెత్తిన ఉండే వెన్నుగాడికి అడ్డంగా 6 అడుగులుంటే ఎత్తు మూడున్నర. చదునుగా ఉన్న కప్పునే గాలి తేలిగ్గా పీల్చి పైకి లేపుతుంది. కప్పును కిందికి నొక్కి పెట్టడం కంటే పైకి లేవకుండా కట్టి పెట్టడం ముఖ్యం అని నాకు అర్థం కావడానికి రెండు తుఫాన్లు పట్టింది. బరువుందిలే అని పెంకును నమ్మకండి. గోడల పైన చుట్టూ కాంక్రీటు బెల్టు వేసి, నాలుగు మూలల్లో చువ్వలను పునాది నుంచి దాని దాకా తీసుకురండి. బెల్టులో నాలుగేసి అడుగులకు ఒక 12 మిల్లీమీటర్ల బోల్టు పాతి, గోడ మీది దూలాన్ని వాటికి బిగించండి. వాసాన్ని దూలానికి మేకు కొట్టి వదిలేయకుండా ఇనుప పట్టీ చుట్టండి. చూరు పక్కనా, మూలల్లోనూ, వెన్ను దగ్గరా పట్టు రెట్టింపు ఉండాలి, గాలి లాగేది అక్కడే. బంగాళా పెంకు వేస్తే ఆ అంచు వరసలను రాగి తీగతో కట్టి సున్నంలో కూర్చోబెట్టండి.

వాసాలకు సరుగుడు తేలిగ్గా దొరుకుతుంది. తాడి అయితే ముదురు చెట్టు చూసుకోండి. పైన నల్లటి చేవ ఉన్నంత మేరే పనికొస్తుంది, లోపలి మెత్తటి గుజ్జును చెక్కేయించండి, లేకపోతే చెదలకు విందు.

అద్దాల కిటికీ సంగతి. తుఫానులో కిటికీ పగిలితే గాలి లోపలికొచ్చి కప్పును కింద నుంచి తోస్తుంది, పై గాలి అదే సమయంలో లాగుతుంది. రెండు గాలులకు ఏ బోల్టూ ఆగదు. 8 అడుగులు కాకుండా 3 అడుగులవి రెండు పెట్టి, బయట గట్టి చెక్క తలుపులు వేసుకోండి. సూర్యోదయం 3 అడుగుల్లోంచి కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పేది అమ్మాయికి. మన వైపు కట్టుబడిలో ఆడమనిషి గమేళా మోస్తుంది, ఇటుక అందిస్తుంది, నీళ్లు పోస్తుంది. తాపీ మాత్రం మగవాడి చేతిలో ఉంటుంది. మొదటి వారం నేనూ అలాగే మోశాను. ఎనిమిదో రోజున మీ పెదనాన్న కట్టిన వరస తూకం గుండు వేసి చూస్తే అంగుళంన్నర బయటికి ఉంది. చెప్పాను, ఆయన గుండుదే తప్పన్నారు. ఆ సాయంత్రం నేనే వరస విప్పి మళ్లీ కట్టాను. దారిన పోయేవాళ్లు ఆగి నవ్వారు. నువ్వు వారం రోజులు చూడక్కర్లేదు, మొదటి రోజే తాపీ పట్టుకో. అలాగని ఇద్దరూ ఒకే గోడ మీద పడకండి. ఏ పనికి ఎవరు మేస్త్రో పొద్దున్నే అనుకోండి, ఆ రోజుకు రెండో వాళ్లు కూలి. కూలి సలహా ఇవ్వొచ్చు, కానీ సాయంత్రం పని ఆగాక. మేము ఇది కనిపెట్టేసరికి గోడలు కిటికీ మట్టానికి వచ్చేశాయి, అప్పటికి రెండుసార్లు పుట్టింటికి బయలుదేరాను కూడా.

అన్నీ మీరే చేయక్కర్లేదు. బెల్టు కాంక్రీటు ఒకే రోజు ఆపకుండా పోయాలి, ఆ రోజుకు నలుగురిని పిలవండి. కరెంటు తీగలు తెలిసినవాడితోనే వేయించండి. ద్వారబంధాలు వడ్రంగికి ఇవ్వండి. కప్పు బోల్టులు మాత్రం ఒక్కొక్కటీ మీ చేత్తోనే బిగించండి. కూలికి వచ్చినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు, ఆ నట్టు వదులుగా ఉందో లేదో తుఫాను రాత్రి తలుచుకునేది మీరు.

ఎండ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు కొత్తగా చెప్పాలా? 11 గంటలకు పని ఆపి 4 గంటలకు మళ్లీ మొదలుపెట్టండి. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి పనిలోకి దిగండి, దాహం వేసే దాకా ఆగకుండా శుద్ధి చేసిన నీళ్లు తాగుతూ ఉండండి. మొదటి పదిహేను రోజులు నడుము విరిగినట్టు ఉంటుంది. కొట్టుకు వెళ్లి నొప్పి మాత్రలు కొని రోజూ వేసుకోవద్దు, అవి కిడ్నీలకు చేటు. వేడినీళ్ల కాపడం పెట్టుకుని, మరుసటి రోజు సగం పని చేయండి. సిమెంటు బస్తా 50 కిలోలు, దాన్ని ఒక్కరే ఎత్తడం పౌరుషం కాదు బాబూ.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ముక్కనుమ దాటాక మేమిద్దరం తోటకు వస్తాం. మా తూకం గుండు, మట్టం చూసే నీళ్ల ట్యూబు, పాత మూలమట్టం తెస్తున్నాం. తాడు, మేకులు, సున్నం మీరు తెచ్చి ఉంచండి. ముగ్గు ఎలా పోయాలో మీ పెదనాన్న పొద్దుటి నుంచీ మాట్లాడుతూనే ఉంటారు. ఆయన్ని మాట్లాడనివ్వండి. తాడు రెండో కొస మాత్రం నువ్వు పట్టుకో అమ్మాయీ, 20 అడుగులు వచ్చిందో లేదో చూడాల్సింది నువ్వు.

మీ
పెద్దమ్మ